మన ఊరి చరిత్రను మనమే రాసుకోవడం: కైఫియత్తుల నుంచి వెబ్‌సైటు దాకా

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు
• స్థానిక చరిత్ర అంటే ఏమిటో, దానికి తెలుగునాట ఉన్న పూర్వరంగం ఏమిటో వివరించగలుగుతారు.
• కుప్పం, పుంగనూరు, మదనపల్లె ప్రాంతపు పల్లెలకు సంబంధించిన ఆధారాలు ఎక్కడ దొరుకుతాయో గుర్తించగలుగుతారు.
• మౌఖిక ఆధారాలను సేకరించి, సరిచూసి, నమోదు చేసే పద్ధతిని తెలుసుకుంటారు.
• నలుగురు మిత్రులు కలిసి ఊరి చరిత్ర వెబ్‌సైటును రూపొందించేటప్పుడు పాటించవలసిన నియమాలను చెప్పగలుగుతారు.

1. పరిచయం

మీరు ఇంతవరకు చదివిన పాఠాలలో రాజవంశాలు, యుద్ధాలు, పరిపాలనా సంస్కరణలు, జాతీయోద్యమం గురించి తెలుసుకున్నారు. ఆ పాఠాలలో మీ ఊరి పేరు వచ్చి ఉండదు. మదనపల్లె పేరు ఒకటి రెండు సందర్భాలలో వచ్చి ఉండవచ్చు. 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ అక్కడి దివ్యజ్ఞాన కళాశాలలో బస చేసి ‘జనగణమన’ను ఆంగ్లంలోకి అనువదించిన సంగతి ప్రసిద్ధమే. జిడ్డు కృష్ణమూర్తి 1895లో పుట్టింది మదనపల్లెలోనే. పుంగనూరు అనగానే పొట్టి ఆవులు గుర్తుకు వస్తాయి. కుప్పం అనగానే 1997లో ఏర్పడిన ద్రావిడ విశ్వవిద్యాలయం గుర్తుకు వస్తుంది. అయితే ఈ మూడు పట్టణాల చుట్టూ ఉన్న వందలాది పల్లెల మాటేమిటి? అక్కడ చెరువు ఎవరు తవ్వారు? జాతరలో మొదటి బోనం ఎవరిది? ధాత కరువులో ఎవరు ఊరు విడిచి వెళ్లారు, ఎవరు తిరిగి వచ్చారు? ఈ ప్రశ్నలకు జవాబులు పాఠ్యపుస్తకాలలో లేవు. ఊరిలోనే, మనుషుల జ్ఞాపకాలలోను, కాగితాలలోను, రాళ్లమీద ఉన్నాయి.

ఒక చిన్న ప్రాంతం గతాన్ని, అక్కడి ఆధారాల సాయంతో, అక్కడి మనుషులను కేంద్రంగా చేసుకుని రాసే చరిత్రను స్థానిక చరిత్ర అంటాము. ఇప్పుడు సెల్‌ఫోన్, అంతర్జాలం అందరికీ అందుబాటులోకి రావడంతో చాలా ఊళ్లలో యువకులు కలిసి తమ ఊరి పేరుతో వెబ్‌సైటు పెట్టాలని ఉత్సాహపడుతున్నారు. ఇది మంచి పని. ఇందుకు కావలసిన సాంకేతిక పరిజ్ఞానాన్ని ఎవరైనా నెల రోజులలో నేర్చుకోవచ్చు. చరిత్ర రచనా పద్ధతి మాత్రం అంత త్వరగా పట్టుబడదు. ఈ పాఠం ఆ పద్ధతి గురించి చెబుతుంది. ఇందులో ఒక ప్రశ్న మొదటి నుంచి చివరి వరకు మనతో వస్తుంది. ఊరి చరిత్రను ఎవరు చెప్పారు, ఎవరు రాశారు, ఎవరిని అడగలేదు?

2. పూర్వరంగం: కైఫియత్తులు, కావలి సోదరులు

ఊరూరా తిరిగి చరిత్ర సేకరించడం తెలుగువారికి కొత్త కాదు. దాదాపు రెండు వందల ఏళ్ల క్రితమే ఇది పెద్ద ఎత్తున జరిగింది. స్కాట్లండుకు చెందిన కాలిన్ మెకంజీ (1754–1821) ఈస్టిండియా కంపెనీ సైన్యంలో ఇంజనీరుగా పనిచేసి, భూమి కొలతల పనిలో పేరు తెచ్చుకుని, 1815లో భారతదేశపు మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. ఆయన సర్వే చేసిన చోటల్లా ఊరి చరిత్రలను, శాసనాల నకళ్లను, తాళపత్రాలను, నాణేలను సేకరించాడు. ఊరి పుట్టుక, గుడి, చెరువు, మాన్యాలు, పాలకుల వివరాలతో తెలుగులో రాసిన ఈ నివేదికలను కైఫియత్తులు అంటారు. రాయలసీమ గ్రామాల గురించి రాసేవారికి ఇవి నేటికీ ముఖ్యమైన ఆధారాలు.

మెకంజీకి తెలుగు రాదు. సేకరణ భారాన్ని మోసింది ఏలూరుకు చెందిన కావలి సోదరులు, వారి కింద పనిచేసిన స్థానిక సహాయకులు. అన్నగారైన కావలి వెంకట బొర్రయ్య 1803లో చిన్న వయసులోనే మరణించాడు. ఆ తరువాత తమ్ముడు లక్ష్మయ్య ఆ పనిని నడిపించాడు. మరొక సోదరుడు రామస్వామి 1829లో దక్కన్ కవుల జీవిత చరిత్రలను ఆంగ్లంలో ప్రచురించాడు. వీరు పంపిన మనుషులు ఊరికి వెళ్లి కరణాన్ని, పెద్దలను, పూజారులను కలిసి, కరణాల వద్ద ఉండే దండకవిలెలు చూసి, విన్నది విన్నట్టు రాసి పంపేవారు.

మెకంజీ 1821లో మరణించాడు. ఆయన సేకరణను కంపెనీ కొనుగోలు చేసింది. లక్ష్మయ్య ఆ పనిని కొనసాగిస్తానని ముందుకు వచ్చాడు. 1830లలో ఆ ప్రతిపాదన కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ ముందుకు వెళ్లినప్పుడు, కార్యదర్శి జేమ్స్ ప్రిన్సెప్ అంతటి పనికి లక్ష్మయ్య అర్హత చాలదని అభిప్రాయపడ్డాడు. దశాబ్దాల పాటు కైఫియత్తులు సేకరించి, చదివి, సారాంశాలు రాసిన మనిషికి దక్కిన తీర్పు అది. సమాచారం తెచ్చి ఇవ్వడానికి పనికివచ్చినవాడు చరిత్రకారుడిగా పనికిరాడని ఆ తీర్పు సారాంశం. ఇప్పుడు మనం ఆ సేకరణను ‘మెకంజీ సేకరణ’ అనే పిలుస్తున్నాము. బొర్రయ్య, లక్ష్మయ్యల పేర్లు పరిశోధకులకు తప్ప ఎక్కువమందికి తెలియవు. వారికి ఆ వివరాలు చెప్పిన పల్లె మనుషుల పేర్లు తెలిసినవారు ఇంకా తక్కువ.

ఈ కథలో మరొక పొర ఉంది. కైఫియత్తులలో మాట్లాడినవారు ఎక్కువగా కరణాలు, గుడి పెద్దలు, పాళెగాళ్ల వంశీకులు. మాలపల్లెకు, మాదిగపల్లెకు వెళ్లి అడిగిన సందర్భాలు అరుదు. స్త్రీలను అడిగిన జాడ దాదాపు లేదు. మెకంజీకి లక్ష్మయ్య ఎలా సమాచారం తెచ్చే మనిషిగా మాత్రమే కనిపించాడో, ఆనాటి సేకర్తలకు ఊరిలో సగానికి పైగా జనం అసలు సమాచారం ఉన్నవారుగానే కనిపించలేదు. ఈ రోజు వెబ్‌సైటు పెట్టే మిత్రులు ఈ రెండు సంగతులనూ గుర్తుంచుకోవాలి.

కైఫియత్తులు నేటి వరకు నిలవడానికి సి.పి. బ్రౌన్ (1798–1884) చేసిన పని కూడా కారణం. పాడైపోతున్న ప్రతులకు ఆయన నకళ్లు రాయించి బైండు చేయించాడు. ఇవి ‘లోకల్ రికార్డ్స్’ అనే పేరుతో చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో ఉన్నాయి. కడపలోని సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం కడప జిల్లా కైఫియత్తులను సంపుటాలుగా ప్రచురించింది.

మిత్రబృందాలు కలిసి చరిత్ర పని చేయడం కూడా మనకు కొత్త కాదు. 1906లో హైదరాబాదులో కొమర్రాజు వెంకట లక్ష్మణరావు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు, అయ్యదేవర కాళేశ్వరరావు, రావిచెట్టు రంగారావు మొదలైన మిత్రులు విజ్ఞాన చంద్రికా మండలిని స్థాపించారు. చిలుకూరి వీరభద్రరావు రాసిన ‘ఆంధ్రుల చరిత్రము’ను ప్రచురించి, తెలుగులో చరిత్ర చదివే అలవాటును పెంచారు. నేటి తరంలో దానికి దగ్గరి ఉదాహరణ తెలుగు వికీపీడియా. 2003 డిసెంబరులో మొదలైన ఈ స్వచ్ఛంద విజ్ఞాన సర్వస్వంలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలోని రెవెన్యూ గ్రామాలలో చాలావాటికి పేజీలు ఉన్నాయి. అయితే వాటిలో ఎక్కువ పేజీలలో జనాభా లెక్కల సమాచారమే కనిపిస్తుంది. బడులు ఎన్ని, పొలం ఎంత, బస్సు వస్తుందా రాదా అన్న వివరాలు ఉంటాయి. ఊరి చరిత్ర అనే శీర్షిక దగ్గరకు వచ్చేసరికి ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీని పూరించగలిగినవారు ఆ ఊరివారే.

మీ ప్రగతిని సరిచూసుకోండి
1. కైఫియత్తు అంటే ఏమిటి?
2. కావలి లక్ష్మయ్య అనుభవం నుంచి స్థానిక చరిత్రకారులు నేర్చుకోవలసింది ఏమిటి?

3. ఆధారాలు ఎక్కడ దొరుకుతాయి?

3.1 జిల్లా మారిన కథ

కుప్పం ప్రాంతంలో పని చేసేవారికి మొదట ఎదురయ్యే ఇబ్బంది ‘పాత కాగితాలు ఏ ఆఫీసులో ఉంటాయి’ అన్నది. చిత్తూరు జిల్లా 1911 ఏప్రిల్ 1న ఏర్పడింది. అంతకుముందు కుప్పం, పలమనేరు, పుంగనూరు ప్రాంతాలు ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేవి. ఆ జిల్లాకు చిత్తూరే ముఖ్యపట్టణం. మదనపల్లె, వాయల్పాడు తాలూకాలు మాత్రం కడప జిల్లాలో ఉండేవి. అంటే 1911కు ముందరి మదనపల్లె పల్లెల వివరాల కోసం కడప జిల్లా రికార్డులు చూడాలి. కుప్పం పల్లెల కోసం ఉత్తర ఆర్కాటు రికార్డులు చూడాలి. ఈ రెండూ మద్రాసు రాష్ట్రానికి చెందినవి కనుక, చాలా పాత దస్త్రాలు చెన్నైలోని తమిళనాడు ప్రభుత్వ పురావస్తు పత్రశాలలో ఉన్నాయి. 2022లో మదనపల్లె అన్నమయ్య జిల్లాలోకి వెళ్లింది. జిల్లా పేరు మారినప్పుడల్లా వెతకవలసిన చోటు కూడా మారుతుందని గమనించండి.

అచ్చులో దొరికే పుస్తకాలలో జె.డి.బి. గ్రిబుల్ రాసిన కడప జిల్లా మాన్యువల్ (1875), ఆర్థర్ కాక్స్ రాసిన ఉత్తర ఆర్కాటు జిల్లా మాన్యువల్ (1881) ముఖ్యమైనవి. రెండవదానిని హెచ్.ఎ. స్టువార్ట్ తరువాత సవరించి విస్తరించాడు. వీటిని చదివేటప్పుడు ఇవి కలెక్టర్ల కోసం కలెక్టరాఫీసు దృష్టితో రాసినవని గుర్తుంచుకోవాలి. శిస్తు, వర్షపాతం, నేల రకాల గురించి వీటిని బాగా నమ్మవచ్చు. కులాల గురించి, ఆచారాల గురించి ఇందులో ఉన్న మాటలను జాగ్రత్తగా తూచి తీసుకోవాలి.

3.2 భూమి రికార్డులు

ప్రతి ఊరికి భూమి రికార్డులే పెద్ద చరిత్ర గ్రంథం. 1860లలో ఇనాం కమిషన్ ప్రతి ఊరిలో మాన్యాలను విచారించి ఇనాం ఫెయిర్ రిజిస్టర్లు తయారు చేసింది. గుడి పూజారికి, మంగలికి, చాకలికి, కమ్మరికి, వెట్టివానికి, చెరువు మరమ్మతు చేసేవారికి ఏ పొలం ఎప్పుడు ఎవరిచ్చారో ఇందులో ఉంటుంది. మన ప్రాంతంలో చెరువు బాగోగులు చూసేవారికి ఇచ్చిన దశబంధం ఇనాములు ఎక్కువ. నీరు పంచే నీరుగట్టికి కూడా మాన్యం ఉండేది. రాజుల పేర్లు లేని ఈ రిజిస్టరులో ఊరి పనివారి పేర్లు ఉంటాయి. అందుకే స్థానిక చరిత్రకారుడికి ఇది శాసనంతో సమానం.

రైత్వారీ ఊళ్లకు పాత సెటిల్‌మెంటు రిజిస్టర్లు, అడంగళ్లు, గ్రామ పటాలు ఉంటాయి. కుప్పం చుట్టుపక్కల చాలా పల్లెలు కంగుంది జమీందారీలోను, పుంగనూరు చుట్టుపక్కల పల్లెలు పుంగనూరు జమీందారీలోను ఉండేవి. 1948లో మద్రాసు ప్రభుత్వం జమీందారీల రద్దు చట్టం చేసిన తరువాతే ఇటువంటి ఊళ్లు రైత్వారీ పద్ధతిలోకి వచ్చాయి. కాబట్టి జమీందారీ గ్రామంలో పాత రైత్వారీ రిజిస్టరు దొరకకపోతే ఊరికి చరిత్ర లేదని అనుకోకండి. ఆ ఊరి చరిత్ర వేరే చోట, జమీందారీ లెక్కలలో, కోర్టు వ్యాజ్యాలలో ఉంటుంది.

1984లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వంశపారంపర్య గ్రామాధికారుల వ్యవస్థను రద్దు చేసింది. పరిపాలనా దృష్టితో చూస్తే అది పెద్ద మార్పు. చరిత్ర దృష్టితో చూస్తే అప్పటిదాకా కరణం ఇంట్లో ఉన్న కాగితాల కట్టలు కొన్ని ఆఫీసులకు చేరాయి, కొన్ని అటకల మీదే ఉండిపోయాయి, కొన్ని చెదలకు పోయాయి. మీ ఊరిలో అటువంటి కట్ట ఇంకా ఉంటే, దానిని అడిగి తీసుకుపోకండి. ఆ ఇంట్లోనే, ఆ ఇంటివారి ఎదుటనే ఫొటోలు తీసుకుని కాగితాలు వారికే వదిలిపెట్టండి.

3.3 రాళ్లు, పేర్లు, సంవత్సరాలు

కుప్పం, పలమనేరు, పుంగనూరు, మదనపల్లె ప్రాంతాలలో వీరగల్లులు ఎక్కువగా కనిపిస్తాయి. బాణులు, వైదుంబులు, నొళంబులు ఈ ప్రాంతం కోసం పోరాడిన శతాబ్దాలలో, ఆలమందలను కాపాడుతూనో, ఊరిపై దాడిని ఎదిరిస్తూనో చనిపోయినవారికి నిలిపిన రాళ్లు ఇవి. వీటిమీద తెలుగు, కన్నడ, తమిళ భాషలలో శాసనాలు ఉంటాయి. మూడు రాష్ట్రాలు కలిసే చోట ఇది సహజం. శాసనాన్ని మీరే చదివి అర్థం చెప్పాలని తొందరపడకండి. రాయికి నూనె, సున్నం, రంగు పూయకండి. పొద్దున్నో సాయంత్రమో ఏటవాలు వెలుగులో ఫొటో తీస్తే అక్షరాలు స్పష్టంగా కనిపిస్తాయి. మైసూరులో ఉన్న భారత పురావస్తు శాఖ శాసన విభాగం దశాబ్దాలుగా శాసనాలను నమోదు చేస్తోంది. మీ ఊరి శాసనం వారి వార్షిక నివేదికలలో ముందే వచ్చిందేమో చూడండి.

ఊరి పేర్లు కూడా ఆధారాలే కాని, వాటితో జాగ్రత్త అవసరం. పల్లె, ఊరు, హళ్లి, పట్టి వంటి చివరి పదాలు భాషల కలయికను చూపిస్తాయి. కుప్పం అనే మాటకు తమిళంలో చిన్న పల్లె అనే అర్థం ఉంది. పెద్దతిప్పసముద్రం వంటి పేర్లలోని ‘సముద్రం’ పెద్ద చెరువును సూచిస్తుంది. మదనపల్లె పేరు మర్యాద రామన్నపట్టణం నుంచి వచ్చిందనే కథ ప్రచారంలో ఉంది. ఇటువంటి కథను వెబ్‌సైటులో పెట్టవచ్చు. అయితే ‘ఇలా చెప్పుకుంటారు’ అని పెట్టాలి. పాత రికార్డులలో ఆ పేరు ఏ రూపంలో ఉందో చూపకుండా ‘ఇదే నిజం’ అని పెట్టకూడదు.

పల్లెలలో పెద్దలు క్రీస్తు శకం చెప్పరు, తెలుగు సంవత్సరం పేరు చెబుతారు. ఈ పేర్లు అరవై ఏళ్లకొకసారి తిరిగి వస్తాయి. 1876–78 నాటి మహా కరువును మన పెద్దలు ధాత కరువు అంటారు. ఆ ధాత 1876–77లో వచ్చింది. తరువాతి ధాత 1936–37లోను, ఆ తరువాతిది 1996–97లోను వచ్చాయి. ఒక అవ్వ ‘ధాతలో మా తాత ఊరొదిలి పోయినాడు’ అంటే అది ఏ ధాతో మీరు లెక్క కట్టాలి. ఆమె వయసు, తాత వయసు, మరొక తెలిసిన సంఘటన పక్కన పెట్టి చూస్తే ఏడాది తేలుతుంది. బెంగుళూరు–జోలార్‌పేట రైలు మార్గం 1864 ప్రాంతంలో వచ్చింది. కుప్పం ఆ మార్గం మీదే ఉంది. ‘రైలు వచ్చినాక’, ‘రైలు రాకముందు’ అనే మాటలు కూడా ఇక్కడ కాలాన్ని కొలిచే గుర్తులే.

మీ ప్రగతిని సరిచూసుకోండి
3. 1911కు ముందు మదనపల్లె, కుప్పం ఏ ఏ జిల్లాలలో ఉండేవి?
4. ఇనాం ఫెయిర్ రిజిస్టరు స్థానిక చరిత్రకు ఎలా ఉపయోగపడుతుంది?

4. మనుషులను అడగడం

కాగితం ఆగుతుంది, మనిషి ఆగడు. జమీందారీ రోజులను కళ్లారా చూసినవారి వయసు ఇప్పుడు ఎనభైలలో, తొంభైలలో ఉంది. కుప్పం నుంచి పిల్లలు బెంగుళూరు రైలెక్కి ఉద్యోగాలకు పోతున్నారు. ఇంట్లో వినేవారు లేక ఆ పెద్దల కథలు వారితోనే పోతున్నాయి. కాబట్టి ఊరి చరిత్ర పని మొదలుపెట్టేవారు మొదటి ఆరు నెలలు కాగితాల జోలికి పోకుండా పెద్దలను కలవడం మంచిదని నా సలహా. చెన్నైలోని దస్త్రం వచ్చే ఏడాది కూడా ఉంటుంది.

మౌఖిక ఆధారాల సేకరణకు కొన్ని నియమాలు ఉన్నాయి.

మొదటిది, అనుమతి. ఎందుకు అడుగుతున్నారో, ఎక్కడ పెడతారో ముందే చెప్పాలి. ‘అవ్వా, నీ మాట ఫోన్లో రికార్డు చేసుకుంటా, ఊరందరూ వింటారు, నీకు సమ్మతమేనా?’ అని అడిగి, ఆ జవాబును కూడా రికార్డు చేయాలి. పేరు వద్దంటే పేరు పెట్టకూడదు. తరువాత తీసేయమంటే తీసేయాలి.

రెండవది, ప్రశ్న. ‘మన ఊరి చరిత్ర చెప్పు’ అంటే ఎవరూ ఏమీ చెప్పలేరు. ‘నీ చిన్నప్పుడు చెరువు మొరవ పోతే ఏం చేసేవారు?’, ‘పెళ్లయి ఈ ఊరికి వచ్చిననాడు ఏ దారిన వచ్చినావు?’, ‘రాగులు దంచేది ఎక్కడ?’ అని అడిగితే మాట సాగుతుంది. స్త్రీలు వేరే ఊరి నుంచి వచ్చినవారు కనుక రెండు ఊళ్లను పోల్చి చెప్పగలరు. ఈ విలువైన చూపు కైఫియత్తులకు దక్కలేదు.

మూడవది, భాష. కుప్పం ప్రాంతంలో ఇంట్లో తమిళం, వీధిలో తెలుగు, సంతలో కన్నడం మాట్లాడేవారు ఉన్నారు. వారు చెప్పిన మాటను వారి మాటలోనే ఉంచాలి. గ్రాంథికంలోకో, పత్రికల భాషలోకో మార్చి దిద్దితే సమాచారం కూడా కొంత పోతుంది.

నాలుగవది, సరిచూడటం. జ్ఞాపకం అబద్ధం కాకపోవచ్చు. అయినా అది కలగలిసిపోతుంది. ఒకే సంఘటనను వేరు వేరు వీధులలోని ముగ్గురిని అడగాలి. వారి మాటలు కలిస్తే మంచిదే. కలవకపోతే ఆ తేడానే నమోదు చేయాలి. జాతరలో మొదటి మర్యాద తమదేనని రెండు కుటుంబాలు చెప్పవచ్చు. తీర్పు ఇవ్వడం మీ పని కాదు. ఇద్దరి మాటా, ఎవరు చెప్పారో, ఎప్పుడు చెప్పారో రాసి పక్కపక్కన పెట్టండి.

5. నలుగురు మిత్రులు, ఒక వెబ్‌సైటు

కుప్పం దగ్గరి ఒక పల్లెలో నలుగురు మిత్రులు ఈ పని తలపెట్టారని ఊహించుకుందాము. వారు చేయవలసిన పనులను వరుసగా చూద్దాము.

5.1 జట్టు కూర్పు

నలుగురూ ఒకే వీధివారైతే ఆ వెబ్‌సైటు ఆ వీధి చరిత్రగానే మిగులుతుంది. ఊరిలో పెద్దవీధి, దళితవాడ, ఊరి శివారు పల్లెలు ఉంటాయి. జట్టులో వీటికి చెందినవారు ఉండాలి. కనీసం ఒక స్త్రీ ఉండాలి. ఇది మర్యాద కోసమో, ఉదారత కోసమో చెబుతున్న మాట కాదు, ఆధారాల కోసం చెబుతున్న మాట. దళితవాడలోని పెద్దమనిషి వెట్టి రోజుల గురించి పెద్దవీధి కుర్రవాడికి చెప్పే మాట వేరు, తన మనవడికి చెప్పే మాట వేరు. తలుపు తెరిచేవారిని బట్టి కథ మారుతుంది. ఆ తరువాత పని పంచుకోవచ్చు. ఒకరు కాగితాలు, ఒకరు మాటల రికార్డింగు, ఒకరు ఫొటోలు, పటాలు, ఒకరు టైపు, వెబ్‌సైటు నిర్వహణ చూసుకోవచ్చు.

5.2 నమోదు చేసే పద్ధతి

కింది రెండు నమూనా వాక్యాలను గమనించండి. ఇవి ఊహించి రాసిన ఉదాహరణలు.

మొదటి నమూనా: ‘మా ఊరి చెరువును పూర్వం రాయలవారు తవ్వించారు.’

రెండవ నమూనా: ‘చెరువును రాయలు తవ్వించాడని పెద్దవీధిలోని 82 ఏళ్ల రైతు చెప్పారు. కట్టమీద, తూము దగ్గర శాసనం కనబడలేదు. కట్ట పోసింది తమ పెద్దలేనని, అందుకు మాన్యం ఇచ్చారని వడ్డెర కుటుంబానికి చెందిన 75 ఏళ్ల ఆమె చెప్పారు. ఇనాం రిజిస్టరులో ఈ చెరువు పేరుమీద దశబంధం ఇనాం నమోదై ఉంది. ఎవరు తవ్వించారో తేలలేదు.’

మొదటిది వినడానికి గొప్పగా ఉంటుంది, కాని చదివినవాడు దానిని నమ్మడమో మానడమో తప్ప మరేమీ చేయలేడు. రెండవదానిలో గొప్పతనం తక్కువ. అయితే రేపు మరొకరు శాసనం కనుక్కుంటే దానిని పక్కన చేర్చవచ్చు. వడ్డెర కుటుంబపు మాట మొదటిసారి రాతలోకి వచ్చింది. మన చెరువుల చరిత్రలో తవ్వించినవాడి పేరే ఉంటుంది, తవ్వినవాడి పేరు ఉండదు. ఆ లోటు ఈ పద్ధతిలో కొంతైనా తీరుతుంది.

ప్రతి పేజీ కింద ఎవరు చెప్పారు, ఎవరు రాశారు, ఏ తేదీన, ఏ కాగితం చూసి అనే నాలుగు సంగతులు ఉండాలి. దీనిని తప్పనిసరి నియమంగా పెట్టుకోండి. లక్ష్మయ్య విషయంలో జరిగినట్టు సేకరించినవారి పేరు మరుగున పడకుండా ఉండటానికి ఇదే దారి. ఇతర వెబ్‌సైట్ల నుంచి తెచ్చి అతికించిన సమాచారం మీ ఊరికి చెందినదేనా అని కూడా చూడాలి. ఒకే పేరుతో ఊళ్లు చాలా ఉంటాయి. ఒక ఊరి గుడి కథ మరొక ఊరి పేజీలో చేరడం అంతర్జాలంలో తరచు జరిగేదే.

5.3 జాగ్రత్తలు

గుడిలోని పాత విగ్రహాలు, పొలాల్లోని రాళ్లు ఉన్న చోటును కచ్చితంగా పటంలో చూపితే దొంగలకు దారి చూపినట్టవుతుంది. ఊరి పేరు వరకు చెబితే చాలు. భూమి రికార్డులలోని పాత మాన్యాల వివరాలు నేటి తగాదాలకు కారణం కావచ్చు. పాత పేర్లు పెట్టేటప్పుడు నేటి సర్వే నంబర్లు జతచేయవద్దు. ఒక కులాన్ని కించపరిచే సామెతలు, పాత పుస్తకాలలోని మాటలు ఆధారం పేరుతో కూడా యథాతథంగా పెట్టకూడదు. పాత పుస్తకాల విషయంలో 1957 నాటి కాపీరైటు చట్టాన్ని గుర్తుంచుకోండి. రచయిత మరణించిన తరువాత 60 ఏళ్లు గడిస్తేనే ఆ రచన అందరిదీ అవుతుంది. ఇంటివారిచ్చిన ఫొటో కింద వారి పేరు పెట్టాలి.

5.4 నిలబెట్టుకోవడం

బ్రిటన్‌లో 1086లో విలియం రాజు ఆజ్ఞపై ఊరూరా భూముల వివరాలు సేకరించి ‘డూమ్స్‌డే బుక్’ తయారు చేశారు. దాని 900వ ఏడాది సందర్భంగా 1986లో బీబీసీ అదే పేరుతో ఒక పథకం చేపట్టింది. బడిపిల్లలతో సహా పది లక్షలకు పైగా జనం తమ ఊళ్ల గురించి రాశారు, ఫొటోలు తీశారు. వాటన్నిటినీ ప్రత్యేకమైన లేజర్ డిస్కులలో పెట్టారు. ఇరవై ఏళ్లు గడవకముందే ఆ డిస్కులను చదివే యంత్రాలు అరుదైపోయాయి. తోలుమీద సిరాతో రాసిన 1086 నాటి పుస్తకాన్ని చదవవచ్చు, 1986 నాటి డిస్కును చదవడం మాత్రం కష్టమైంది. పరిశోధకులు శ్రమపడి దానిని కాపాడారు. 2011లో బీబీసీ అందులోని ఊళ్ల సమాచారాన్ని అంతర్జాలంలో పెట్టింది. ఆ వెబ్‌సైటు కూడా తరువాత మూతపడింది. దాని ప్రతి ఇప్పుడు బ్రిటన్ జాతీయ పత్రశాల వద్ద ఉంది.

వెబ్‌సైటు అంటే శాశ్వతం అని చాలామంది అనుకుంటారు. ఏటా అద్దె కట్టకపోతే అది మాయమవుతుంది. మిత్రులలో ఒకరికి పెళ్లయి, మరొకరికి దూరాన ఉద్యోగమై, మూడవ ఏడు డబ్బు కట్టడం మరిచిపోతే పడిన శ్రమంతా పోతుంది. కాబట్టి బ్రౌన్ చేసిన పనే మనమూ చేయాలి. నకళ్లు ఉంచాలి. సమాచారమంతా యూనికోడ్ తెలుగులో టైపు చేయాలి. అచ్చుపనికి వాడే పాత ఫాంట్లలో టైపు చేసినది వేరే కంప్యూటరులో అక్షరాలుగా కనబడదు, వెతికినా దొరకదు. అసలు రికార్డింగులు కనీసం మూడు చోట్ల ఉండాలి. ఏటా ఒకసారి పేజీలన్నిటినీ కాగితం మీద అచ్చు తీసి ఊరి బడిలో ఒక ప్రతి, శాఖా గ్రంథాలయంలో ఒక ప్రతి ఉంచాలి. మూలాధారాలున్న భాగాలను తెలుగు వికీపీడియాలోని ఊరి పేజీలో చేర్చవచ్చు. అయితే అచ్చయిన ఆధారం లేని మౌఖిక కథనాలకు అక్కడ చోటు తక్కువ. వాటికి మీ వెబ్‌సైటే చోటు.

మరొక మాట. వెబ్‌సైటును ఊరివారికి చూపించాలి. సెల్‌ఫోన్ చదవలేని పెద్దలకు గ్రామసభ దగ్గరో, జాతర నాడో కూర్చోబెట్టి చదివి వినిపించాలి. తప్పులు చెప్పేది వారే. ‘అది కాదు నాయనా, ఆ గుడిసె ఉండింది ఈ పక్క’ అని ఒకరు దిద్దితే, ఆ దిద్దుబాటును కూడా తేదీతో నమోదు చేయాలి. ఊరి ఎదుట చదవలేని చరిత్రను అంతర్జాలంలో పెట్టడానికి తొందరపడకూడదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి
5. ఊరి చరిత్ర రాసే జట్టులో అన్ని వీధులవారు ఎందుకు ఉండాలి?
6. 1986 నాటి బీబీసీ పథకం అనుభవం మనకు నేర్పేది ఏమిటి?

6. సారాంశం

రెండు వందల ఏళ్ల క్రితం మన ఊళ్ల చరిత్రను కంపెనీ అధికారి కోసం సేకరించారు. అడిగిన ప్రశ్నలు ఆయనవి, జవాబులు ఊరి పెద్దలవి, శ్రమ కావలి సోదరులది, పేరు మెకంజీది. ఆ సేకరణ విలువ అపారం. అందులోని లోటు కూడా అంతే స్పష్టం. ఈ రోజు ప్రశ్న అడిగేదీ, జవాబు చెప్పేదీ, రాసేదీ, చదివేదీ ఊరివారే కాగలరు. ఈ అవకాశం ఇంతకుముందు ఏ తరానికీ ఇంత సులభంగా అందలేదు.

అవకాశంతో పాటు బాధ్యత కూడా వచ్చింది. మన పల్లెలకు సంబంధించిన కాగితాలు చెన్నై, కడప, చిత్తూరు ఆఫీసులలో చెల్లాచెదురై ఉన్నాయి. వాటిని ఓపికగా వెతకాలి. పెద్దల మాటలను అనుమతితో, వారి భాషలో, ఆలస్యం చేయకుండా నమోదు చేయాలి. తేలినదానిని తేలినట్టు, తేలనిదానిని తేలనట్టు రాయాలి. చెప్పినవారి పేరు, రాసినవారి పేరు చెరగకుండా చూడాలి. ఇదివరకు ఎవరూ తట్టని తలుపులను ముందుగా తట్టాలి. లక్ష్మయ్యకు అర్హత చాలదన్న తీర్పు మీ మీద లేదు. చరిత్ర చదువుకుంటున్న మీరు మీ ఊరి చరిత్ర రాయడానికి అర్హులు. ఆ అర్హతను పద్ధతితో నిలబెట్టుకోండి.

7. నమూనా పరీక్ష ప్రశ్నలు

అ) కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. తెలుగునాట స్థానిక చరిత్ర సేకరణలో కైఫియత్తుల పాత్రను, వాటి పరిమితులను చర్చించండి.
2. కుప్పం, మదనపల్లె ప్రాంత గ్రామాల చరిత్రకు లభించే ఆధారాలను వివరించండి.

ఆ) కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. మౌఖిక ఆధారాల సేకరణలో పాటించవలసిన నియమాలు ఏమిటి?
2. తెలుగు సంవత్సరాల పేర్లను క్రీస్తు శకంలోకి మార్చేటప్పుడు తీసుకోవలసిన జాగ్రత్త ఏమిటి?
3. ఊరి చరిత్ర వెబ్‌సైటులో ప్రతి పేజీ కింద ఉండవలసిన నాలుగు సంగతులు ఏవి? ఎందుకు?

ఇ) అభ్యాసం
మీ ఊరిలోని ఒక చెరువు, గుడి, బావి లేదా బడిని ఎంచుకోండి. దాని గురించి వేరు వేరు వీధులకు చెందిన ముగ్గురిని అడిగి, వారి మాటలను విడివిడిగా రాయండి. వాటిలో కలిసిన అంశాలను, కలవని అంశాలను చూపుతూ రెండు పేజీల నివేదిక తయారు చేసి, మీ అధ్యయన కేంద్రంలోని కౌన్సిలరుకు చూపండి. చెప్పిన ముగ్గురికీ దానిని చదివి వినిపించిన తరువాతే చూపండి.